తేనెటీగ, పసుపు ఎలుక, రొట్టెముక్క

తేనెపట్టులో రాణి ఒకటే ఉంటుంది. కూలి ఈగలు వేలల్లో ఉంటాయి. రాణి రెండు మూడేళ్ళు బతుకుతుంది, మంచి రోజుల్లో రోజుకి వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. కూలి ఈగ వేసవిలో పుట్టిందంటే ఆరు వారాలు బతకటమే గొప్ప. గుడ్లు పెట్టే యోగం దానికి దాదాపు లేనట్టే. పట్టు ఊడ్చుకోవటం, పిల్లల్ని సాకటం, పూల చుట్టూ తిరగటం, ఇంటికి కాపలా కాయటం, ఇదే దాని బతుకు. ఒడ్డూ పొడుగూ కూడా కలవవు. కొత్తగా చూసినవాడు ఇవి రెండు వేరువేరు జాతులనుకుంటే తప్పులేదు.

కాని అవి అక్కచెల్లెళ్ళు. ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి వచ్చినవి. (మగ ఈగల పుట్టుక వేరే కథ, దాని జోలికి ఇప్పుడు పోవద్దు.) ఆడపిల్ల పుట్టబోయే ఏ గుడ్డునైనా రాణిని చెయ్యొచ్చు, కూలిని చెయ్యొచ్చు. తేడా అంతా పురుగుగా ఉన్నప్పుడు పెట్టిన తిండిలో ఉంది. కూలి కాబోయే పిల్లకి మొదటి మూడు రోజులూ మంచి తిండి పెట్టి, ఆ తరువాత పుప్పొడీ తేనే కలిపిన ముతక మేతకి మారుస్తారు. రాణి కాబోయే పిల్లకి మాత్రం చివరిదాకా రాయల్ జెల్లీయే. ఈ జెల్లీని మా ఆస్ట్రేలియాలో మందుల షాపుల్లో గొట్టాల్లో నింపి అమ్ముతారు. అవి మింగి ఎవరైనా రాణి అయిన దాఖలా మాత్రం లేదు.

అక్కచెల్లెళ్ళ డి.ఎన్.ఎ.లో ఈ తేడాకి కారణం ఏమీ లేనప్పుడు, తిండి లోపలికి వెళ్ళి ఏం చేసింది? దీనికి కొంత జవాబు కేన్‌బెరాలో దొరికింది. అక్కడికి వెళ్ళే ముందు అసలు జన్యువు ఎలా పని చేస్తుందో కొంచెం చూసుకోవాలి.

మన శరీరంలోనూ ఇలాంటి పొడుపుకథే ఉంది. కంట్లో కణానికీ కాలేయంలో కణానికీ పోలిక లేదు. ఒకటి వెలుగుని పట్టుకుంటుంది, ఇంకొకటి పైత్యరసం ఊరిస్తుంది. కాని రెండిటి కేంద్రకాల్లోనూ ఉన్నది ఒకే డి.ఎన్.ఎ., అక్షరం అక్షరం అదే. మొత్తం 300 కోట్ల అక్షరాలు. వాటిలో ప్రోటీన్లు తయారు చేసే జన్యువులు సుమారు 20,000. వింత ఏమిటంటే ప్రోటీన్ల తయారీ విధానం రాసి ఉన్న భాగం నూటికి 2 కూడా లేదు. మిగిలిన దాంట్లో చాలా భాగం ఎందుకుందో ఇంకా తేలలేదు గాని, కొంత భాగం మాత్రం మీటల పలక అని తెలుసు.

పెళ్ళివంట జరుగుతున్న ఇల్లు ఊహించుకోండి. వంటలన్నీ రాసి ఉన్న పెద్ద పుస్తకం ఒకటే ప్రతి. అది ఇనప్పెట్టెలో భద్రంగా ఉంది, బయటికి తీసుకు రావటానికి వీల్లేదు. కావలసిన వంట ఒక్కటీ చీటీ మీద ఎక్కించుకుని వంటవాడికి అందిస్తారు. వాడు చీటీ చూసి వండుతాడు. పని కాగానే చీటీ చించి పారేస్తారు. కణంలో జరిగేది ఇదే. ఇనప్పెట్టె కేంద్రకం. పుస్తకం డి.ఎన్.ఎ. ఒక్కొక్క వంట ఒక్కొక్క జన్యువు. చీటీ పేరు మెసెంజర్ ఆర్.ఎన్.ఎ. వంటవాడి పేరు రైబోజోము. వండిన పదార్థం ప్రోటీను. జన్యువులో ఉన్నది చీటీ మీదకి ఎక్కి ప్రోటీనుగా బయటికి రావటాన్ని శాస్త్రగ్రంథాల్లో జన్యు వ్యక్తీకరణ అంటారు. అంత పెద్ద మాట నోరు తిరగదు కాబట్టి 'జన్యువు పలకటం' అంటాను. చీటీ రాయకపోతే జన్యువు మూగబోయినట్టు. ఇన్సులిన్ జన్యువు మీ మోచేతి చర్మంలోనూ ఉంది, మెదడులోనూ ఉంది. అది గట్టిగా పలికేది మాత్రం క్లోమంలోని కొన్ని కణాల్లోనే.

పలకమనీ మూగబొమ్మనీ చెప్పేది ఎవరు? ఈ ప్రశ్నకి మొదటి గట్టి జవాబు 1961లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చింది. ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో అనే ఇద్దరు మన పేగుల్లో ఉండే ఈ-కోలై అనే సూక్ష్మజీవికి పాలలోని చక్కెర, అంటే లాక్టోజు, పెట్టి చూశారు. లాక్టోజు లేనప్పుడు దాన్ని అరిగించే జన్యువు ముందు ఒక ప్రోటీను అడ్డంగా కూర్చుని చీటీ రాయనివ్వదు. లాక్టోజు వచ్చి ఆ ప్రోటీనుని పట్టుకోగానే అది లేచి పోతుంది, జన్యువు పలుకుతుంది. బేరం వస్తేనే పొయ్యి వెలిగించే కాకా హోటలు లాంటి ఏర్పాటు. 1965లో వాళ్ళిద్దరికీ, వారి సహచరుడు ఆంద్రే ల్వోఫ్‌కీ కలిపి నోబెల్ బహుమానం ఇచ్చారు.

పాల సంగతి వచ్చింది కాబట్టి మన ఇళ్ళలో రోజూ కనిపించే ఉదాహరణ ఒకటి చెప్పాలి. చంటిపిల్లలందరికీ పాలు అరుగుతాయి. ఎందుకంటే వాళ్ళ పేగుల్లో లాక్టేజు అనే ప్రోటీను తయారుచేసే జన్యువు గట్టిగా పలుకుతూంటుంది. తల్లిపాలు మానిన కొన్నేళ్ళకి ప్రపంచంలో ఎక్కువమందిలో అది మెల్లిగా మూగబోతుంది. ఉత్తర ఐరోపా వారిలో మాత్రం చాలామందికి ముసలితనం దాకా పలుకుతూనే ఉంటుంది. వాళ్ళ లాక్టేజు జన్యువు వేరా అంటే కాదు. ఆ జన్యువుకి దాదాపు 14,000 అక్షరాల అవతల, పక్కింటి జన్యువు లోపల, ఒకే ఒక్క అక్షరం మారింది. ఇది 2002లో ఫిన్లండు వారు కనిపెట్టారు. గదిలో దీపం ఒకటే, మీట మాత్రం పక్కవాటాలో ఉందన్నమాట. మన దేశంలో కూడా ఇదే అక్షరం మార్పు పంజాబు వైపు ఎక్కువగా కనిపిస్తుంది, దక్షిణానికీ తూర్పుకీ వచ్చేకొద్దీ తగ్గుతుంది. తెలుగువాళ్ళలో 'పాలు పడవు గాని పెరుగు పడుతుంది' అనేవారు ఇంతమంది ఉండటానికి ఇదొక కారణం. పెరుగులో లాక్టోజుని తోడు పురుగులు కొంత ముందే తినేసి ఉంటాయి. మనం కడుపులో చెయ్యలేని పనిని గిన్నెలో చేయించుకుంటున్నాం.

ఇంతవరకూ చెప్పినవి ఎప్పటికప్పుడు వేసి తీసే మీటలు, పుట్టుకతో వచ్చే మీటలు. వీటికి తోడు మూడో రకం ఉంది. డి.ఎన్.ఎ.లోని నాలుగు అక్షరాల్లో సైటొసీను ఒకటి. దాని తలమీద మిథైల్ అనే చిన్న అణువుల గుంపు, ఒక కర్బనం మూడు ఉదజనులు, అంటుకుని కూర్చోవచ్చు. దాన్ని మిథైల్ బొట్టు అందాం. అక్షరం మారదు. 'క' 'క'గానే ఉంటుంది, నుదుట బొట్టు ఉంటుందంతే. జన్యువు మొదట్లో ఈ బొట్లు దట్టంగా ఉంటే సాధారణంగా ఆ జన్యువు మూగబోతుంది. కణం రెండుగా చీలినప్పుడు అక్షరాలతో పాటు బొట్లు కూడా నకలు అవుతాయి. కాలేయం కణానికి కాలేయం కణమే పుట్టటానికి ఇదొక కారణం.

ఈ బొట్లు ఉన్నాయని చాలాకాలంగా తెలుసు. ఏ అక్షరం మీద ఉన్నాయో చదవటం మాత్రం పెద్ద చిక్కుగా ఉండేది. ఆ చిక్కు విప్పింది సిడ్నీలో. 1992లో మేరియన్ ఫ్రామర్, సూసన్ క్లార్క్, వారి సహచరులు కలిసి ఒక ఉపాయం ప్రకటించారు. డి.ఎన్.ఎ.ని సోడియం బైసల్ఫైటు ద్రావణంలో నానబెడితే బొట్టు లేని సైటొసీను వేరే అక్షరంగా మారిపోతుంది, బొట్టు ఉన్నది చెక్కుచెదరదు. తరువాత మామూలుగా అక్షరాలు చదివితే, ఇంకా సైటొసీనుగా మిగిలినవన్నీ బొట్టు ఉన్నవే. పోచంపల్లి నేతగాళ్ళు నూలుకి ముడులు వేసి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగెక్కదు, ముడి విప్పితే తెల్లగా కనిపిస్తుంది. సరిగ్గా అదే కిటుకు. ఇవాళ కేన్సరు కణాల్లో ఏ జన్యువులు మూగబోయాయో చూసే ప్రయోగశాలల్లో అధికభాగం ఇప్పటికీ ఈ పద్ధతినీ దాని పిల్లల్నీ వాడుతున్నాయి. ఒపేరా హౌసు చూపించటానికి చుట్టాల్ని తీసుకెళ్ళినప్పుడు ఈ ముక్క కూడా చెపుతూంటాను. ఎవరూ పెద్దగా చలించరు.

ఇప్పుడు తేనెటీగల దగ్గరకి పోదాం. కేన్‌బెరాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో రిషార్డ్ మలెష్కా బృందం 2008లో ఒక ప్రయోగం చేసింది. బొట్లు పెట్టే ప్రోటీను ఒకటి ఉంది. పురుగు దశలో ఉన్న తేనెటీగ పిల్లల్లో ఆ ప్రోటీను జన్యువు నోరు నొక్కారు. రాయల్ జెల్లీ ప్రత్యేకంగా పెట్టలేదు. బొట్లు తగ్గాయి. ఆ పిల్లల్లో నూటికి 70కి పైగా పూర్తిగా ఎదిగిన అండాశయాలతో రాణుల్లా బయటికి వచ్చాయి. అంటే రాజతిండి చేసే పనిలో కొంతైనా ఈ బొట్లని తగ్గించటం ద్వారా జరుగుతోందన్నమాట.

నోరు నొక్కటానికి వాళ్ళు వాడిన సాధనం కూడా చెప్పుకోదగ్గదే. జన్యువు రాసిన చీటీకి జతపడే రెండు పేటల ఆర్.ఎన్.ఎ. ముక్క కణంలోకి పంపితే, కణమే ఆ చీటీలని వెతికి చించేస్తుంది. దీన్ని 1998లో పురుగుల్లో చూపించినందుకు అమెరికాలో ఏండ్రూ ఫైర్, క్రెగ్ మెలో 2006లో నోబెల్ అందుకున్నారు. అదే 1998లో ఇదే సంగతిని మొక్కల్లో చూపించిన పీటర్ వాటర్‌హౌస్, మింగ్‌బో వాంగ్ ఈ కేన్‌బెరాలోనే, సి.ఎస్.ఐ.ఆర్.ఓ.లో ఉన్నారు. వాళ్ళకి మరుసటి ఏడు ఇక్కడి ప్రధానమంత్రి సైన్సు బహుమతి దక్కింది. స్టాక్‌హోమ్ వారికి మొక్కల మీద చిన్నచూపు ఉందని నా అనుమానం.

ఒక జాగ్రత్త చెప్పాలి. 2012లో అమెరికాలో వేరే బృందం అప్పుడే పుట్టిన రాణుల, కూలీల మెదళ్ళని పోల్చి చూస్తే బొట్లలో తేడా దొరకలేదు. తేడా దొరికింది మరోచోట. కూలి ఈగల్లోనే ఇంట్లో పిల్లల్ని సాకేవాటికీ బయట పూలకి తిరిగేవాటికీ మధ్య. ఇంకా తమాషా ఏమిటంటే, ఆయాలని తీసేసి, బయట తిరిగేవాటిని మళ్ళీ ఆయా పనికి దిగేలా చేస్తే కొన్ని బొట్లు కూడా వెనక్కి మారిపోయాయి. కాబట్టి బొట్టే రాణిని చేస్తుందని ఒక్కముక్కలో తేల్చెయ్యటానికి లేదు. ఎప్పుడు చూశాం, ఏ అవయవంలో చూశాం అన్నదాన్ని బట్టి కథ మారుతుంది.

ఈగల నుంచి మనకి కాస్త దగ్గర చుట్టాలైన ఎలుకలకి వద్దాం. అగౌటీ అనే జన్యువు ఎలుక వెంట్రుకకి పసుపు రంగు ఇస్తుంది. మామూలుగా అది వెంట్రుక పెరిగేటప్పుడు కొద్దిసేపు మాత్రమే పలుకుతుంది, అందుచేత ఎలుక గోధుమరంగులో ఉంటుంది. ఒక జాతి ఎలుకల్లో మాత్రం ఎప్పుడో ఒక అల్లరి డి.ఎన్.ఎ. ముక్క వచ్చి ఈ జన్యువు ముందు చేరింది. ఆ ముక్క మీద బొట్లు లేకపోతే జన్యువు ఒళ్ళంతా, ఎప్పుడూ, ఆపకుండా పలుకుతుంది. ఎలుక పసుపుగా పుడుతుంది, లావెక్కుతుంది, చక్కెర వ్యాధి తెచ్చుకుంటుంది. బొట్లు ఉంటే అల్లరి ముక్క నోరు మూసుకుంటుంది. ఎలుక గోధుమరంగులో, సన్నగా ఉంటుంది. ఒకే కాన్పులో, ఒకే డి.ఎన్.ఎ. ఉన్న పిల్లల్లో, పసుపూ గోధుమా మచ్చలూ అన్నీ పుడతాయి.

సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఎమ్మా వైట్‌లా బృందం 1999లో చూపించినది ఇంకా ఆశ్చర్యకరం. పసుపు తల్లికి గోధుమ పిల్లలు తక్కువగా పుడతారు, గోధుమ తల్లికి ఎక్కువగా పుడతారు. తండ్రి రంగుతో నిమిత్తం లేదు. లావుపాటి తల్లి గర్భంలో పెరగటం వల్లనేమో అనే అనుమానం తీర్చుకోవటానికి పసుపు తల్లి పిండాలని నల్ల ఎలుకల గర్భాల్లో పెట్టి చూశారు. ఫలితం మారలేదు. గుడ్డు తయారయ్యేటప్పుడు బొట్లన్నీ తుడుచుకుపోవాలి. ఇక్కడ పూర్తిగా తుడుచుకుపోలేదని తాత్పర్యం. 2003లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వాటర్‌ల్యాండ్, రాండీ జర్టల్ ఇదే జాతి పిల్లల్ని కనబోయే తల్లులకి ఫోలిక్ ఆమ్లం, బి12, కోలీన్, బీటైన్ కలిపిన మేత పెట్టారు. గోధుమరంగు పిల్లలు ఎక్కువ పుట్టారు, బొట్లు కూడా పెరిగాయి.

ఆ మేతలో మొదటి పేరు ఫోలిక్ ఆమ్లం. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ కంపెనీ పరిశోధన బృందానికి నాయకుడు మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ వార్త బయటికి వచ్చింది 1945లో. అంతకుముందు 1930 ప్రాంతాల బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ మిల్లుల్లో పనిచేసే గర్భిణీల రక్తహీనత ఈస్టు నుంచి తీసిన మార్మైటు పెడితే తగ్గుతోందని గమనించారు. మార్మైటుకి ఇక్కడి తమ్ముడే వెజిమైటు. దాన్ని చూసి మొహం చిట్లించేవాళ్ళు ఈ బంధుత్వం గుర్తుపెట్టుకోవాలి. ఆ ఈస్టులో ఉన్న మందు ఫోలేటు. సుబ్బారావుగారి అన్న పురుషోత్తం స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తరువాత ఆ జబ్బుకి ఫోలిక్ ఆమ్లం మందుగా పనిచేసింది.

కణంలో ఫోలేటు ఒంటెద్దు బండి లాంటిది. ఒక్కొక్క కర్బనాన్ని మోసుకుపోయి కావలసిన చోట దింపుతుంది. ఆ సరుకు వెళ్ళే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి కొత్త డి.ఎన్.ఎ. అక్షరాల తయారీకి. సుబ్బారావు బృందం ఫోలేటుకి మారువేషాలైన మందులు తయారుచేసి ఈ దారి మూసేసింది. వాటితోనే 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తకేన్సరుని తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించగలిగారు. రెండో దారి మిథైల్ బొట్లకి. ఈ దారిలో సరుకు దించటానికి బి12 అనే కూలీ కూడా కావాలి. బండి నిండుగా వచ్చినా కూలీ లేకపోతే సరుకు దిగదు.

ఇక రొట్టెముక్క. గర్భం వచ్చిన 28 రోజుల లోపు పిండంలో వెన్నుపాము గొట్టం మూసుకోవాలి. అది సరిగ్గా మూసుకోకపోతే బిడ్డకి ప్రాణాపాయం, లేదా జీవితకాలపు అవిటితనం. తల్లి ఆహారంలో ఫోలేటు తగ్గటానికీ దీనికీ సంబంధం ఉందని 1989లో పెర్త్ నుంచి కేరల్ బోవర్, ఫియోనా స్టాన్లీ రాశారు. 1991లో బ్రిటన్ వారి పెద్ద పరీక్ష దాన్ని రుజువు చేసింది. అంతకుముందు అలాంటి బిడ్డ పుట్టిన తల్లుల్లో ఫోలిక్ ఆమ్లం మళ్ళీ ఆ ప్రమాదాన్ని నూటికి 72 పాళ్ళు తగ్గించింది. కాని 28 రోజులంటే చాలామందికి గర్భం వచ్చినట్టు కూడా తెలియదు. అందుకని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2009 సెప్టెంబరు నుంచి రొట్టెలు చేసే గోధుమపిండిలో కిలోకి 2 నుంచి 3 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం తప్పనిసరిగా కలపాలని శాసించింది. తరువాత లెక్కలు చూస్తే ఈ లోపాలు దేశం మొత్తం మీద నూటికి 14 తగ్గాయి. ఆదివాసీ తల్లుల బిడ్డల్లో నూటికి 74 తగ్గాయి. మాత్రలు అందని వాళ్ళకి రొట్టె అందింది.

ఈ మేలు బొట్ల వల్లే వచ్చిందా? అలా అని రుజువు కాలేదు. మొదటి దారి వల్ల కావచ్చు, రెండూ కలిసి కావచ్చు. పసుపు ఎలుక కథ చదివి 'అమ్మ తిన్నదే బిడ్డ నుదుటి రాత' అని పుస్తకాలు రాసేవారు బయలుదేరారు. కడుపుతో ఉన్న ఆడపిల్లకి ఇప్పటికే చెప్పేవాళ్ళు తక్కువేమీ లేరు. అత్తగారు బొప్పాయి వద్దంటుంది, డాక్టరు సాఫ్ట్ చీజ్ వద్దంటాడు. బిడ్డ లావైతే, చక్కెర వస్తే, ఆ నేరం కూడా తల్లి తిండి మీదకి నెట్టటం అన్యాయం, పైగా శాస్త్రం అంతదూరం వెళ్ళలేదు. 2018లో కేంబ్రిడ్జ్ వారు ఎలుక డి.ఎన్.ఎ. అంతా గాలించి అగౌటీ దగ్గరున్న లాంటి అల్లరి ముక్కల్ని పరీక్షించారు. ఎలుకకీ ఎలుకకీ బొట్లు మారే చోట్లు కొద్దే. తల్లి నుంచి పిల్లకి ఆ తేడా దిగటం అందులోనూ అరుదు. అగౌటీ నియమం కాదు, వింత.

మనవాళ్ళకి సంబంధించినంత వరకు నన్ను ఆలోచింపజేసినది పుణె నుంచి వచ్చిన వార్త. అక్కడ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం గర్భిణీల రక్తం పరీక్షించి, వాళ్ళ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనిస్తూ వచ్చింది. 2008లో ప్రకటించిన దాని ప్రకారం ఫోలేటు ఎక్కువగా ఉండి బి12 తక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఆరేళ్ళ వయసుకి ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యకపోవటం ఎక్కువగా కనిపించింది. ఇది కలిసి కనిపించటమే, ఒకటి రెండోదానికి కారణమని కాదు. కాని బి12 మొక్కల్లో ఉండదు. శాకాహారులకి పాలూ పెరుగూ ద్వారా వచ్చేదే. అవి కూడా మానేసి వీగన్లుగా మారుతున్న మన పిల్లలు ఇక్కడ కొత్త కాదు.

ఇక్కడి తెలుగు ఇళ్ళలో పరిస్థితి ఇది. రొట్టె తినే ఇంట్లో మూడు ముక్కలకి సుమారు 120 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం చేరుతుంది, బి12 చేరదు. ఆర్గానిక్ రొట్టెకి ఈ చట్టం నుంచి మినహాయింపు ఉంది కాబట్టి ఎక్కువ డబ్బు పెట్టి కొన్నా అందులో కలిపి ఉండదు. ఇడ్లీ, అన్నం తినే ఇంటికి ఈ చట్టం అసలు తగలదు. బిడ్డ కోసం చూస్తున్నవాళ్ళు కనీసం నెల ముందు నుంచి రోజుకి 400 మైక్రోగ్రాముల మాత్ర వేసుకోవాలని డాక్టర్లు చెపుతున్నది అందుకే. శాకాహారులైతే అదే రక్తపరీక్షలో బి12 కూడా చూడమని అడగవచ్చు.